ముట్టుకోకుండా ఊపిరి కొలవడం: మా బాబాయ్ మంచం పక్కన మొదలైన లెక్క

2019లో సంక్రాంతి వెళ్ళిన వారం. కడియపులంక నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "అమ్మాయ్... కాళ్ళు... తిమ్మిరిగా ఉన్నాయే... మెట్లు... ఎక్కలేకపోతున్నా" అన్నాడు. ఆయన చెప్పిన సంగతి కన్నా చెప్పిన తీరుకే నాకు భయం వేసింది. నర్సరీలో ఈ చివర నిలబడి ఆ చివర పనివాళ్ళని కేకేసి పిలిచే మనిషి ఆయన. అలాంటి మనిషి రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

నేను ఫిజియోథెరపిస్టుని. రాజమండ్రిలో ఇళ్ళకి వెళ్ళి పక్షవాతం వాళ్ళకి, కండరాల జబ్బుల వాళ్ళకి, ఆపరేషన్ అయి మంచాన ఉన్నవాళ్ళకి వ్యాయామాలు చేయిస్తాను. ఆ సాయంత్రం వెళ్ళేసరికి బాబాయ్ వరండాలో నవారు మంచం మీద ఉన్నాడు. ముందురోజు ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే వేలికి ఆక్సీమీటర్ పెట్టి, 98 ఉంది, భయం లేదు, నీరసమే అని సెలైన్ ఎక్కించి పంపారట. పిన్ని ఆ 98ని పట్టుకుని ధైర్యంగా ఉంది. నేను ఏమీ ముట్టుకోకుండా స్టూలు లాక్కుని కూర్చుని, పిన్నితో కబుర్లు చెబుతూ ఆయన పొట్ట వైపు చూశాను. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పొట్ట పైకి లేవాలి. ఆయన పొట్ట లోపలికి పోతోంది.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత చెబుతాను. అప్పటి నుంచి నేను వెళ్ళే ప్రతి ఇంట్లో ఇంటివాళ్ళకి ఈ చూపు నేర్పిస్తున్నాను. మిషన్లు లేని చోట కూడా ఊపిరి ఎన్నిసార్లు ఆడుతోందో, ఊపిరి కండరాలకి ఎంత సత్తువ మిగిలి ఉందో చాలావరకు కంటితో, చెవితో, ఒక ఫోన్‌తో తెలుసుకోవచ్చు. డాక్టరుగారి పరీక్షకి ఇది బదులు కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో చెప్పే పని మాత్రం ఇది బాగా చేస్తుంది.

ముందు గది సంగతి

ఫ్యాన్ కట్టేయండి. అందరూ మరిచిపోయేది ఇదే. ఫ్యాన్ గాలికి దుప్పటి అంచు, చొక్కా, దోమతెర అన్నీ కదులుతాయి. అందులో ఊపిరి కదలిక ఏదో గాలి కదలిక ఏదో తెలియదు. మామూలుగా గాలి పీల్చినప్పుడు ఛాతీ కదిలేది 4 నుంచి 12 మిల్లీమీటర్లు. అంటే కందిగింజ మందం నుంచి చిటికెన వేలి మందం దాకా. అంత చిన్న కదలికని చూడాలంటే మిగతావన్నీ కుదురుగా ఉండాలి. ఎండాకాలమైతే రెండు నిమిషాలు కట్టేసి మళ్ళీ వేయండి.

వెలుగు నెత్తిమీద నుంచి కాకుండా పక్క నుంచి పడాలి. ట్యూబులైటు కింద మనిషి పొట్ట బల్లపరుపుగా కనిపిస్తుంది. కిటికీ వెలుగు పక్క నుంచి పడితే పొట్ట లేచినప్పుడల్లా నీడ కదులుతుంది. కంటికి ఆ నీడే బాగా ఆనుతుంది. రాత్రిపూట అయితే ట్యూబులైటు ఆర్పి, మంచం ఎత్తులో స్టూలు మీద టార్చిలైటు పెట్టి పక్క నుంచి కొట్టండి.

బట్టలు: మగవాళ్ళయితే చొక్కా విప్పించండి, లేదా ఒంటికి అంటుకున్న బనియను చాలు. ఆడవాళ్ళకి వదులు నైటీ ఉంటే ఏమీ కనపడదు. పల్చటి గళ్ళ తువ్వాలు ఛాతీ నుంచి బొడ్డు కింద దాకా కప్పి, రెండు పక్కలా ఒంటి కిందికి దోపితే మర్యాదకి మర్యాద, కదలికకి కదలిక. గళ్ళు ఎందుకంటే, ఒళ్ళు లేచినప్పుడు గీతలు వంగుతాయి, దిగినప్పుడు సర్దుకుంటాయి. తెల్ల తువ్వాలు మీద ఆ తేడా తెలియదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ వాళ్ళు తయారుచేసిన స్ట్రక్చర్డ్ లైట్ ప్లెథిస్మోగ్రఫీ అనే పద్ధతి పనిచేసేదీ దాదాపు ఇలాగే. మనిషి తెల్ల టీషర్టు వేసుకుని కూర్చుంటే, ఛాతీ మీదా పొట్ట మీదా ప్రొజెక్టర్‌తో నలుపు తెలుపు గళ్ళు వేస్తారు. ఆ గళ్ళు వంగే తీరుని కెమెరాలు చూసి, ఛాతీ ఎంత కదిలింది, పొట్ట ఎంత కదిలింది, రెండూ కలిసి కదిలాయా లేదా అని కంప్యూటర్ లెక్క కడుతుంది. మన దగ్గర గళ్ళు తువ్వాలు మీదే ఉన్నాయి.

లెక్కపెట్టడం

మనిషికి తెలియకుండా లెక్కపెట్టాలి. "నీ ఊపిరి చూస్తున్నా" అన్నారంటే ఆ మనిషి ఊపిరి మారిపోతుంది. మీరైనా అంతే, ఈ వాక్యం చదివాక మీ ఊపిరి మీద మీకే ధ్యాస వచ్చి ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న నర్సులు నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని ఊపిరి లెక్కపెడతారు. ఇంట్లో అయితే టీవీ చూస్తున్నప్పుడో, కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడో దూరంగా కూర్చుని లెక్కపెట్టండి. భోజనం చేసిన వెంటనే వద్దు, బాత్రూముకి వెళ్ళొచ్చిన వెంటనే వద్దు. కనీసం ఐదు నిమిషాలు కుదురుగా ఉన్నాక మొదలుపెట్టాలి.

పొట్ట లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో టైమర్ పెట్టి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు చాలామందికి ఉంది. అందులో ఒక్క ఊపిరి తప్పినా నిమిషానికి నాలుగు తప్పినట్టు. 18 ఉన్న మనిషి కాగితం మీద 22 అయిపోతాడు. ఊపిరి ఒక లయలో లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరం: కాసేపు గబగబా, కాసేపు ఆగి, మళ్ళీ గబగబా ఆడే ఊపిరి 15 సెకన్లలో దొరకదు.

పెద్దవాళ్ళకి కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. బ్రిటన్‌లో 2017 నుంచి వాడుతున్న న్యూస్2 అనే హెచ్చరిక పట్టికలో 21 నుంచి 24 దాకా రెండు మార్కులు వేస్తారు, 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మూడు. ఆ పట్టికలో ఒక అంశానికి వేసే మార్కుల్లో మూడే ఎక్కువ. 8 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నా అదే మూడు. తక్కువ ఊపిరి కూడా అంత ప్రమాదమే అన్నమాట. ఇంత విలువైన అంకె చాలా కేసు షీట్లలో అందరికీ ఒకేలా 18 అనో 20 అనో ఉంటుంది. లెక్కపెట్టి రాసింది కాదని చూడగానే తెలిసిపోతుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒక్క నిమిషం పని కదా.

బాబాయ్‌కి ఆ సాయంత్రం నేను లెక్కపెడితే 26.

ఫోన్‌తో వీడియో

కంటితో చూడటం అలవాటయ్యే దాకా ఫోన్ సాయం తీసుకోండి. మంచానికి పక్కన, మనిషి పొట్ట ఎత్తుకి సమానంగా స్టూలు వేసి, దానిమీద పుస్తకాలు పేర్చి ఫోన్ ఆనించండి. చేత్తో పట్టుకోకండి, మీ చేతి వణుకు ఆ మనిషి ఊపిరి కన్నా పెద్దది. ఫ్రేములో మెడ నుంచి బొడ్డు కింద దాకా రావాలి. పొట్ట పక్కనే పిల్లల స్కేలు ఒకటి నిలువుగా, అంకెలు కెమెరా వైపు ఉండేలా, ఏదైనా డబ్బాకి ఆనించి నిలబెట్టండి. 90 సెకన్లు తీయండి. ఫోన్ పెట్టిన కంగారులో మొదటి అరనిమిషం ఊపిరి మామూలుగా ఉండదు కాబట్టి దాన్ని వదిలేసి, మిగతా నిమిషం లెక్కపెట్టుకోండి.

వీడియోని రెట్టింపు వేగంతో నడిపితే లెక్క సులువు. కదలికలు పెద్దవిగా, స్పష్టంగా కనిపిస్తాయి. అదే వీడియోని సగం వేగంతో నడిపితే ఇంకో సంగతి తెలుస్తుంది: ఛాతీ, పొట్ట కలిసి లేస్తున్నాయా, ఒకటి లేచినప్పుడు ఇంకోటి దిగుతోందా. తర్వాత పొట్ట బాగా లేచినచోట ఒకసారి, బాగా దిగినచోట ఒకసారి ఆపి స్కేలు మీద చూసుకుంటే ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో తెలుస్తుంది. ఇది ఉజ్జాయింపు కొలతే. కానీ అదే మంచం, అదే స్టూలు, అదే దూరం పెట్టి రోజూ తీస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెబుతుంది. మనకి కావలసింది ఆ తేడానే.

2012లో అమెరికాలో ఎమ్ఐటీ వాళ్ళు ఇలాంటి మామూలు వీడియోలోనే కంటికి ఆనని కదలికలని పెద్దవి చేసి చూపించే పద్ధతి కనిపెట్టారు. నిద్రపోతున్న పసిబిడ్డ వీడియోలో కదలికే లేదనిపించే ఛాతీ, ఆ పద్ధతి వాడాక లేచి దిగుతూ స్పష్టంగా కనిపిస్తుంది. 2021లో గూగుల్ కూడా ఫోన్ ముందు కెమెరాకి ఎదురుగా కూర్చుంటే ఛాతీ కదలికని బట్టి ఊపిరి లెక్క చెప్పే సదుపాయాన్ని తన యాప్‌లో పెట్టింది. మీ ఫోన్‌లో అలాంటిది ఉంటే వాడండి, కానీ ఒకసారి మీ కంటి లెక్కతో సరిచూసుకున్నాకే నమ్మండి.

ఒక మాట. ఒంటిమీద బట్ట లేకుండా తీసిన వీడియో అది. తీసేముందు అడగండి. డాక్టరుగారికి తప్ప ఫ్యామిలీ గ్రూపులో ఎవరికీ పంపకండి. పని అయ్యాక తీసేయండి.

పొట్ట ఏం చెబుతుంది

గుండె, ఊపిరితిత్తులు ఉన్న గదికీ పొట్టకీ మధ్యన బోర్లించిన గొడుగులా ఒక కండరం ఉంటుంది. డయాఫ్రమ్ అంటారు. తాపీగా ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ పని దానిదే. అది బిగుసుకుని కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది, పొట్టలోని పేగులు ముందుకు తోసుకొస్తాయి. అందుకే ఊపిరి పీల్చినప్పుడు పొట్ట లేస్తుంది. మెడలో మూడు, నాలుగు, ఐదు వెన్ను నరాల నుంచి దానికి ఆజ్ఞ అందుతుంది. ఆ నరం దెబ్బతిన్నా, కండరం నీరసించినా గొడుగు కిందికి దిగలేదు. అప్పుడు పక్కటెముకల మధ్య కండరాలు, మెడ కండరాలు ఆ బరువు ఎత్తుకుంటాయి. అవి ఛాతీని లాగితే, సత్తువ లేని గొడుగు పైకి పీల్చుకుపోతుంది, దానితోపాటు పొట్ట లోపలికి పోతుంది. ఛాతీ లేస్తుంటే పొట్ట దిగుతుంది, తూగుటుయ్యాల రెండు చివరల్లా.

ఈ గుర్తు వెల్లకిలా పడుకున్నప్పుడే బాగా బయటపడుతుంది. కూర్చున్నప్పుడు పేగుల బరువు కిందికి లాగుతూ గొడుగుకి కాస్త సాయం చేస్తుంది. పడుకుంటే ఆ సాయం పోతుంది. "కూర్చుంటే బాగానే ఉంది, పడుకుంటేనే ఊపిరాడటం లేదు" అనే మాట ఎవరి నోట విన్నా తేలిగ్గా తీసుకోకండి. గుండె జబ్బులోనూ ఇలా ఉంటుంది, డయాఫ్రమ్ నీరసంలోనూ ఉంటుంది, ఏదైనా డాక్టరు చూడాల్సిందే. అయితే ఆయాసపడుతున్న మనిషిని పరీక్ష కోసమని పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకండి. రెండు దిళ్ళు వేసి, ఏటవాలుగా ఉంచి చూడండి.

పొట్టతోపాటు మెడ కూడా చూడాలి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా ఉండే కండరం తాడులా లేస్తోందా? ముక్కుపుటాలు అదురుతున్నాయా? కుదురుగా కూర్చున్న మనిషికి ఇవి రెండూ అక్కర్లేదు.

కదలిక వేరు, సత్తువ వేరు

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఛాతీ ఎంత కదిలిందో కెమెరా చెబుతుంది. కండరం ఎంత గట్టిగా లాగగలదో చెప్పదు. సత్తువ అంటే ఒత్తిడి. దాన్ని ఆసుపత్రిలో నోట్లో గొట్టం పెట్టి, గాలి రాకుండా మూసి, "గట్టిగా పీల్చు" అని కొలుస్తారు. ముక్కులో చిన్న బిరడా పెట్టి గట్టిగా ఎగబీల్చమని కూడా కొలుస్తారు. అక్కడ మగవాళ్ళకి 70, ఆడవాళ్ళకి 60 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటితే పెద్ద నీరసం లేదని అర్థం. తాపీగా పడుకున్న మనిషికి కండరాల్లో సగం సత్తువ పోయినా ఊపిరి మామూలుగానే కనిపించవచ్చు. గోడౌన్‌లో సరుకు ఎంత మిగిలిందో కొట్టు ముందు నిలబడి చూస్తే తెలియనట్టే. కాబట్టి సత్తువ తెలియాలంటే మనిషి చేత గట్టిగా ఏదో ఒకటి చేయించాలి. ముట్టుకోకుండా చేయించగలిగినవి చెబుతాను.

అన్నిటిలోకీ నాకు నమ్మకమైనది ఒక్క ఊపిరి లెక్క. చెడుగుడు ఆడినవాళ్ళకి వివరించనక్కర్లేదు, కూత ఎంతసేపు నిలబడుతుందో అంతే. మనిషిని కూర్చోబెట్టి, నిండుగా ఊపిరి తీసుకోమని, మామూలు గొంతుతో సెకనుకి రెండు చొప్పున అంకెలు చెప్పమనాలి. మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు 50కి అటూఇటూగా చెప్పగలరు. 20 లోపుకి పడిపోతే కండరాలు బాగా నీరసించాయని అనుమానించాలి.

మన భాషలో దీనికి ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు అంకెలు పొట్టివి. మన ఇరవై తర్వాతి అంకెలు పొడుగు. "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది" అని అరసెకనులో అనడం ఎవరి తరమూ కాదు. అలా చెప్పిస్తే మనిషి నెమ్మదిస్తాడు, లెక్క తక్కువ వస్తుంది, లేనిపోని టెన్షన్. అందుకే నేను ఒకటి నుంచి పది దాకానే చెప్పిస్తాను, పది కాగానే మళ్ళీ ఒకటి. ఎన్ని పదులు అయ్యాయో నేను వేళ్ళు ముడుస్తూ లెక్క ఉంచుకుంటాను. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ వేసి నిమిషానికి 120 దెబ్బలు పెడితే వేగం తప్పదు. మూడుసార్లు చేయించి, మధ్యలో నిమిషం విశ్రాంతి ఇచ్చి, అందులో ఎక్కువ వచ్చినది రాయండి. మొదటిసారి చాలామందికి తక్కువే వస్తుంది, సిగ్గు వల్లో కొత్త వల్లో. మూతి, నాలుక కూడా నీరసించి మాట ముద్దగా వస్తున్నవాళ్ళకి ఈ లెక్క సరిపోదు.

బాబాయ్ సాయంత్రం ఆరింటికి 18 చెప్పాడు. నా గుండె జారింది కానీ మొహంలో కనపడనివ్వలేదు. పిన్ని పెట్టిన కాఫీ తాగుతూ కారు కోసం ఫోన్లు చేశాను. ఎనిమిదింటికి మళ్ళీ చెప్పిస్తే 13. "ఏంటే, చెడుగుడు ఆడిస్తున్నావ్" అని నవ్వబోయాడు, నవ్వు పూర్తి కాలేదు. ఆ రెండు గంటల్లో ఆక్సీమీటర్ 97 నుంచి కదల్లేదు.

రెండోది ముక్కు చీదడానికి తిరగేసిన పని: నోరు మూసి, ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఎగబీల్చమనండి. సంపెంగ పువ్వు వాసన చూడు అంటే అందరికీ అర్థమవుతుంది. పక్కనుంచి పొట్టని చూడండి. పొట్ట ఠక్కున ముందుకి రావాలి. లోపలికి పోతే డయాఫ్రమ్ పని చేయడం లేదని అనుమానం. ఈ పనే చేయించి ఎక్స్‌రే తెర మీద డయాఫ్రమ్ కదలిక చూస్తారు ఆసుపత్రిలో.

దగ్గు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కండరాల జబ్బుల్లో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు గొంతులో నిలిచిపోయిన కఫం. మంచి దగ్గులో మూడు ముక్కలుంటాయి: నిండుగా పీల్చడం, గొంతు మూసి బిగించడం, ఒక్కసారిగా పేల్చడం. పక్క గదిలో ఉన్నా ఆ పేలుడు వినపడాలి. పీల్చే కండరాలు నీరసిస్తే మొదటి ముక్క పోతుంది. పొట్ట కండరాలు నీరసిస్తే పేలుడు పోయి "హఫ్" మని గాలి వస్తుంది. గొంతు నీరసిస్తే బిగింపే ఉండదు. దగ్గుని ఫోన్‌లో రికార్డు చేసి వారం వారం దాచండి, ఒకే దూరం నుంచి. ఆసుపత్రిలో దగ్గు వేగాన్ని కొలిచినప్పుడు నిమిషానికి 270 లీటర్ల కన్నా తగ్గితే జలుబు చేసినప్పుడు కఫం తీయడం కష్టమవుతుందని, 160 కన్నా తగ్గితే మామూలు రోజుల్లోనే తీయలేరని లెక్క వేసుకుంటారు. చెవికి అంకెలు తెలియవు, కానీ పోయిన నెల దగ్గుకీ ఈ నెల దగ్గుకీ తేడా తెలుస్తుంది.

దిండు మీద నుంచి తల ఎత్తమని చెప్పండి. గడ్డం ఛాతీకి తగిలేలా ఎత్తి ఐదు సెకన్లు నిలపగలగాలి. మెడని వంచే కండరాల సత్తువ, ఊపిరి కండరాల సత్తువ చాలా జబ్బుల్లో జోడుగా పడిపోతాయి. బాబాయ్ తల దిండుని వదల్లేదు.

అగ్గిపుల్ల ఊదడం చాలామంది చేయిస్తారు. నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మూతి ముడవకుండా నోరు తెరిచి ఊదాలి. ఆర్పలేకపోతే గాలి గొట్టాలు బిగుసుకున్నాయని, ముఖ్యంగా పొగతాగేవాళ్ళ జబ్బులో, ఒక సూచన. కండరాల సత్తువకి ఇది మంచి కొలత కాదు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు గానీ కాన్సంట్రేటర్ గానీ ఉంటే అగ్గిపుల్ల ఆ గదిలోకే తేవద్దు.

98 ఉంది కదా అని

కోవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో ఆక్సీమీటర్ ఉంది. మంచిదే. కానీ అది చూసేది రక్తంలో ఆక్సిజన్‌ని. ఊపిరితిత్తులు బాగుండి, వాటిని ఆడించే కండరాలు నీరసించినప్పుడు ముందు పేరుకునేది కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ అంకె చివర్లో పడుతుంది, పడటం మొదలైతే గబగబా పడుతుంది. మా పిన్ని తప్పేమీ లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. చేతులూ కాళ్ళూ నీరసించిన మనిషికి ఆక్సీమీటర్ 98 చూపిస్తున్నా, మాట తెగుతుంటే, పొట్ట లోపలికి పోతుంటే, ఒక్క ఊపిరి లెక్క తగ్గుతుంటే, అంకెని కాదు మనిషిని నమ్మండి.

బాబాయ్‌కి వచ్చింది గీలన్ బారీ సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కండరాలు నీరసించే జబ్బు. పండక్కి ముందు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి, ఆ తర్వాత రెండు వారాలకి కాళ్ళ నుంచి మొదలై పైకి పాకింది. ఈ జబ్బులో నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఆసుపత్రిలో నిండుగా పీల్చి వదలగల గాలి కిలో బరువుకి 20 మిల్లీలీటర్ల కన్నా, పీల్చే ఒత్తిడి 30 సెంటీమీటర్ల కన్నా, వదిలే ఒత్తిడి 40 కన్నా తగ్గితే ప్రమాదమని చూస్తారు. మేం చేరేసరికి బాబాయ్ ఆ గీతల దగ్గరే ఉన్నాడు. తెల్లవారుజామున వెంటిలేటర్ పెట్టారు, కంగారుపడి కాకుండా, సిద్ధపడి. 17 రోజులు దాని మీద ఉన్నాడు.

మనుషుల్ని బట్టి

పసిపిల్లలకి ఈ చూపు ఇంకా ముఖ్యం. అమ్మ ఒళ్ళో కుదురుగా ఉన్నప్పుడు, ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు చొక్కా పైకెత్తి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు ఇవి: రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. అంత గానీ ఇంకా ఎక్కువ గానీ ఉంటే వేగంగా ఆడుతున్నట్టే. దగ్గుతోపాటు ఇది ఉంటే ఆ రోజే చూపించాలి. మన అమ్మమ్మలు "పక్కలెగరేస్తున్నాడు" అనేది, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు గుంటపడటాన్ని. ఆ మాట వాళ్ళ నోట వచ్చిందంటే ఆలస్యం చేయకండి.

కట్లపాము కాటు మన పల్లెల్లో రాత్రి నేలమీద పడుకున్నవాళ్ళకి జరుగుతుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, తర్వాత ఊపిరి. ఇక్కడ ఇంట్లో కూర్చుని లెక్కలు వేయవద్దు. 108కి ఫోన్ చేసి కదలండి. దారిలో వాహనంలో మాత్రం పొట్టవైపు చూస్తూ ఉండండి, పదేసి నిమిషాలకి ఒక్క ఊపిరి లెక్క చెప్పించి రాసుకోండి. దిగగానే ఆ కాగితం డ్యూటీ డాక్టరుకి ఇవ్వండి.

ఏఎల్ఎస్, డుషేన్ లాంటి, కండరాల సత్తువ నెమ్మదిగా పోయే జబ్బుల్లో ఊపిరి మొట్టమొదట పాడయ్యేది రాత్రి నిద్రలో. పొద్దున్నే తలనొప్పి, రాత్రి పీడకలలు, పగలు కునికిపాట్లు దాని గుర్తులు. ఫోన్ కెమెరా చీకట్లో చూడలేదు. వీధి వైపు పెట్టుకునే చిన్న వైఫై సీసీ కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చీకట్లో కూడా చూస్తాయి. అలాంటిది మంచం పక్కన పెట్టి, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా రికార్డయిన ముక్క చూడండి. ఛాతీ అసలు కదలని సెకన్లు ఉన్నాయా, మెడ కండరాలు నిద్రలో కూడా పని చేస్తున్నాయా గమనించండి. రాడార్‌తో పని చేసేవి కూడా వచ్చాయి, దుప్పటి కప్పుకున్నా కదలికని పట్టుకుంటాయి. 2021లో వచ్చిన గూగుల్ నెస్ట్ హబ్ రెండో రకం మంచం పక్కనే ఉండి ఇలా నిద్రలో ఊపిరి చూస్తుంది. ఇద్దరు పక్కపక్కన పడుకుంటే ఎవరి ఊపిరో తేల్చడం వాటికి కష్టం. వేడిని చూసే థర్మల్ కెమెరాలకి ముక్కు చివరే చాలు: పీల్చిన గాలి చల్లగా, వదిలిన గాలి వెచ్చగా రంగు మారుతుంది. ఇటలీలోని మిలాన్‌లో ఒంటిమీద 89 చిన్న మెరుపు బొట్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి ఛాతీలో ఏ భాగం ఎంత గాలి పీల్చిందో విడివిడిగా లెక్కగట్టే పద్ధతి ఉంది. మన ఇళ్ళకి ఇవన్నీ ఇంకా దూరం. కానీ అవి చూసేది కూడా మనం కిటికీ వెలుగులో చూసే కదలికనే.

కాగితం

బడి నోటుబుక్కు ఒకటి మంచం తలాపున దారంతో కట్టండి. తేదీ, టైము, కూర్చునా పడుకునా, నిమిషానికి ఊపిరి, పొట్ట పైకా లోపలికా, ఒక్క ఊపిరి లెక్క, తల ఎత్తాడా లేదా, దగ్గు వినపడిందా. అంతే. గీలన్ బారీ గానీ, కండరాలు త్వరగా అలిసిపోయే మయాస్తీనియా గానీ, అలాంటి గంటల్లో మారే జబ్బు అనుమానం ఉంటే నోటుబుక్కు కోసం ఇంట్లో ఉండిపోకండి, ఆసుపత్రికి బయల్దేరి దారిలో రాయండి. నెమ్మది జబ్బుల్లో వారానికి రెండుసార్లు, అదే టైముకి.

ఊపిరి 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, ఒక్క ఊపిరి లెక్క 20 లోపుకి వచ్చినా, రెండు గంటల్లో మూడో వంతు తగ్గినా, పొట్ట లోపలికి పోతున్నా, వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, ఆ రాత్రే కదలండి. ఫోన్‌లో డాక్టరుగారికి "ఆయాసంగా ఉందండీ" అని చెప్పకండి. "ఆరింటికి 18 చెప్పాడండీ, ఎనిమిదింటికి 13, పొట్ట లోపలికి పోతోంది" అని చెప్పండి. ఆ రాత్రి నేను అన్న మాటలు అవే. అవతలి డాక్టరుగారు ఇంకేమీ అడగకుండా, "మీరు బయల్దేరండి, బెడ్ చూసి ఉంచుతాను" అన్నారు.

బాబాయ్ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. వెంటిలేటర్ తీసిన వారానికి వార్డులో మళ్ళీ మొదలుపెట్టాం: 9, 11, 11, 14. ఇంటికి వచ్చాక 22. ఉగాదికి 31. ఆ పేజీ అంచున పిన్ని తన చేతిరాతతో రాసుకుంది: "ఇవాళ నర్సరీలో కేకేశారు."